టీఐ-83 ప్లస్‌ను ల్యాప్‌టాప్‌కు కలిపే కేబుల్ ఇంట్లో చేసుకోవచ్చా?

అనంతపురంలో ఎమ్మెస్సీ మ్యాథ్స్ చదువుతున్న మిత్రుడి ప్రశ్న క్లుప్తంగా ఇది. మేనమామ కొడుకు అమెరికా నుంచి వస్తూ తను వాడిన టీఐ (టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్) వాళ్ల టీఐ-83 ప్లస్ గ్రాఫింగ్ క్యాలిక్యులేటర్ ఇచ్చాడు, కేబుల్ మాత్రం లేదు. న్యూమరికల్ మెథడ్స్ ప్రోగ్రాములు ల్యాప్‌టాప్‌లో రాసుకుని అందులోకి ఎక్కించాలి. నెట్‌లో దొరికిన బొమ్మ పాత ప్రింటర్ పోర్టుకు కలిపే కేబుల్‌ది. ల్యాప్‌టాప్‌లో ఆ పోర్టు లేదు కాబట్టి యూఎస్‌బీ నుంచి ప్రింటర్ పోర్టుకు మార్చే వైరు కొన్నారు, అయినా పని జరగలేదు. వైరింగ్‌లో తప్పేమిటి? ఇదే కేబుల్ స్నేహితుడి క్యాసియోకు కూడా పనికొస్తుందా?

సూటిగా చెప్తున్నా: కేబుల్ ఇంట్లోనే చేసుకోవచ్చు, కానీ ఆ బొమ్మ ప్రకారం కాదు. మీ వైరింగ్‌లో తప్పు ఉండకపోవచ్చు. ఆ బొమ్మ గీసిన కాలపు కంప్యూటర్లే ఇప్పుడు లేవు. ఈ రోజు చేయాల్సింది ఏమిటంటే, 5 వోల్టుల ఆర్డుయినో అనే, మనం ప్రోగ్రాము ఎక్కించి పిన్నులు ఆడించగలిగే చిన్న బోర్డు (ఊనో గానీ నానో గానీ) మధ్యలో పెట్టి, దాన్నే కేబుల్‌గా వాడుకోవడం. క్యాసియోకు ఇది పనికిరాదు, దాని సంగతి చివర్లో చెప్తాను.

కర్నూలులో ల్యాబ్ పరికరాలు, ఇన్వర్టర్ బోర్డులు బాగు చేసే పని నాది. అమెరికాలో చదువుకుని వచ్చిన పిల్లల సామాన్లతో పాటు ఈ క్యాలిక్యులేటర్లు కూడా అప్పుడప్పుడు మా టేబుల్ మీదికి వస్తుంటాయి. ఇంటర్, ఈఏపీసెట్ (ఒకప్పటి ఎంసెట్), జేఈఈ పరీక్షల్లో మనకు క్యాలిక్యులేటరే రానివ్వరు, గేట్‌లో స్క్రీన్ మీద ఇచ్చినదే వాడాలి. ఇక ఇక్కడి షాపులవాళ్లు దీని కేబుల్ ఎందుకు తెచ్చిపెట్టుకుంటారు? అందుకే అందరూ ఇంట్లో చేసుకునే దారిలో పడతారు.

ముందు ఒక మాట. మీ చేతిలో ఉన్నది టీఐ-83 ప్లస్సేనా, టీఐ-84 ప్లస్సా అన్నది అంచున ఉన్న సాకెట్ చూసి తేల్చుకోండి. 84 ప్లస్‌కు 2.5 మిల్లీమీటర్ల గుండ్రటి రంధ్రంతో పాటు మినీ యూఎస్‌బీ కూడా ఉంటుంది. అది ఉంటే ఏమీ చేయనక్కర్లేదు. పాత డిజిటల్ కెమెరా వైరు ఒకటి వెతికి పెట్టుకోండి, అయిపోయింది. 84 ప్లస్ సీఈకి గుండ్రటి రంధ్రమే తీసేశారు, యూఎస్‌బీ ఒక్కటే. గుండ్రటి రంధ్రం మాత్రమే ఉంటేనే ఈ సమాధానం మీకు అవసరం. ఇంకో దారి, మీ బావ మళ్లీ ఎప్పుడైనా వస్తున్నాడంటే టీఐ వాళ్ల సిల్వర్ లింక్ అనే యూఎస్‌బీ కేబుల్ సెకండ్ హ్యాండ్‌ది తెమ్మనండి. అది దొరికితే టంకం పెట్టే పనే లేదు. చేతిపని మీద సరదా ఉంటేనో, అంతవరకు ఆగలేకపోతేనో కింది పద్ధతి.

మీ ప్రింటర్ వైరు ఎందుకు పనిచేయలేదు

పాత కంప్యూటర్‌లో ప్రింటర్ పోర్టు అంటే ప్రోగ్రాము నేరుగా తట్టగలిగే పిన్నులు. లింక్ సాఫ్ట్‌వేర్ 378 అనే హెక్స్ అడ్రసుకు రాస్తే వెంటనే పిన్ను కిందికో పైకో వెళ్లేది. మీరు కొన్న యూఎస్‌బీ వైరు అలాంటి పోర్టు కాదు. "ఈ డేటా ప్రింటర్‌కు ఇవ్వు" అంటే ఇస్తుంది, అంతే. ఒక్కో పిన్నును విడిగా ఆడించే దారి అందులో లేదు. అందుకే ఎన్నిసార్లు టంకం తీసి పెట్టినా ఫలితం ఉండదు.

నెట్‌లో కనబడే రెండో బొమ్మ సీరియల్ పోర్టుది, కొన్ని డయోడ్లు, రెసిస్టర్లతో ఉంటుంది. యూఎస్‌బీ సీరియల్ వైరు కొని దానికి తగిలిద్దామని చాలామందికి తోస్తుంది. అదీ వద్దు. ఆ కేబుల్ నిజానికి సీరియల్‌గా డేటా పంపదు. ఆర్‌టీఎస్, డీటీఆర్ లాంటి కంట్రోల్ లైన్లను ఒక్కో బిట్టుకూ కిందికీ పైకీ ఆడిస్తుంది. ఒక్కో బిట్టుకు నాలుగు మార్పులు జరగాలి. యూఎస్‌బీ మీద ఒక్కో మార్పుకు కనీసం 1 మిల్లీసెకను వేసుకున్నా బైటుకు 32 మిల్లీసెకన్లు. మీ క్యాలిక్యులేటర్‌లో వాడుకోగలిగే ర్యామ్ 24 కిలోబైట్లు, అదంతా పంపాలంటే 13 నిమిషాలు దాటుతుంది, అదీ అన్నీ కలిసొస్తే. మధ్యలోనే ఏదో ఒక పక్క విసిగి ఎర్రర్ చూపిస్తుంది. పైగా అసలైన ఆర్‌ఎస్-232 (పాత సీరియల్ పోర్టు) లైన్ల మీద ప్లస్, మైనస్ 12 వోల్టుల దాకా ఉండొచ్చు. డయోడ్ ఒకటి తిరగబడిందంటే ఆ వోల్టేజి నేరుగా క్యాలిక్యులేటర్‌లోకి వెళ్తుంది.

లోపల జరిగేది ఏమిటి

ఇది అర్థమైతే మిగతా పనంతా సులువు. 2.5 మిల్లీమీటర్ల స్టీరియో పిన్నులో మూడు భాగాలు. కొనను టిప్ అంటారు (టీఐ వైర్లలో ఎరుపు), మధ్యది రింగ్ (తెలుపు), వెనకది స్లీవ్, అంటే గ్రౌండు. ఎరుపు, తెలుపు లైన్లు రెండింటినీ క్యాలిక్యులేటరే లోపలి రెసిస్టర్లతో పైకి పట్టి ఉంచుతుంది. ఆన్ చేసి మీటరు పెడితే గ్రౌండుకూ ఒక్కో లైనుకూ మధ్య సుమారు 5 వోల్టులు కనబడతాయి. ఎవరైనా మాట్లాడాలంటే లైనును కిందికి లాగాలి. పైకి నెట్టడం అనేది ఇందులో లేదు. వదిలేస్తే అదే పైకి పోతుంది.

0 పంపాలంటే పంపేవాడు ఎరుపు లైనును కిందికి లాగుతాడు. అందుకునేవాడు చూసి తెలుపును కిందికి లాగుతాడు. అది చూసి పంపేవాడు ఎరుపును వదులుతాడు, అప్పుడు అందుకునేవాడు తెలుపును వదులుతాడు. 1 పంపాలంటే ఇదే వరస, ఎరుపు తెలుపుగా, తెలుపు ఎరుపుగా మారుతుంది. ఇల్లు కట్టేచోట ఇటుకలు అందించుకునేవాళ్లలాగే, అవతలివాడు పట్టుకున్నాడని తెలిశాకే ఇవతలివాడు చెయ్యి వదులుతాడు. బైటులో విలువ అన్నిటికన్నా తక్కువైన (కుడి చివరి) బిట్టు ముందు వెళ్తుంది. ఒక్కరే రెండు లైన్లనూ కిందికి లాగారంటే ఎర్రర్ అని లెక్క.

గడియారపు లైను లేదు, బాడ్ రేటు (ముందే కుదుర్చుకున్న వేగం) లేదు. ఎవరు నిదానమైనా రెండోవాడు ఆగుతాడు. 1999 నాటి ఈ మిషన్‌లో 6 మెగాహెర్ట్జ్ జడ్80 ప్రాసెసర్ ఉంటుంది, ఆర్డుయినోలో 16 మెగాహెర్ట్జ్ చిప్పు. ఇద్దరూ ఇబ్బంది పడకుండా మాట్లాడుకోవడానికి కారణం ఈ పద్ధతే. కొద్ది సెకన్ల పాటు ఏ కదలికా లేకపోతే మాత్రం క్యాలిక్యులేటర్ పని వదిలేస్తుంది.

కావాల్సిన సరుకు

ఆర్డుయినో నానో క్లోన్ చాలు, కొన్ని వందల రూపాయల్లో వస్తుంది. అందులో సీహెచ్340 చిప్పు ఉంటే విండోస్‌కు దాని డ్రైవర్ వేసుకోవాల్సి రావచ్చు. 330 ఓముల రెసిస్టర్లు రెండు. 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి. 2.5 మిల్లీమీటర్ల స్టీరియో పిన్ను.

ఈ ఆఖరి వస్తువు దగ్గరే అందరూ చిక్కుకుంటారు. మన ఊళ్లలో టీవీ స్పేర్ల షాపుకు వెళ్లి అడిగితే 3.5 పిన్నులు గుప్పెడు చూపిస్తారు, 2.5 అంటే తల అడ్డంగా ఊపుతారు. అనంతపురం వాళ్లు ఎలాగూ బెంగళూరు వెళ్తుంటారు కాబట్టి ఎస్‌పీ రోడ్డులో అడగండి. మా కర్నూలు వాళ్లమైతే హైదరాబాద్ కోఠికి పోతాం. అంతదూరం ఎందుకనుకుంటే రెండు ఉపాయాలున్నాయి.

మొదటిది, పెళ్లి ఫోటోగ్రాఫర్లను అడగండి. క్యానన్ చిన్న డీఎస్‌ఎల్‌ఆర్‌లకు వాడే రిమోట్ షట్టర్ వైరు చివర ఉండేది సరిగ్గా ఈ 2.5 స్టీరియో పిన్నే. బటన్ పాడైపోయిన వైరు ఎక్కడో ఒకచోట మూల పడి ఉంటుంది. ఆదోని నుంచి వచ్చిన ఒక కుర్రాడికి మేం చేసిచ్చిన కేబుల్ పిన్ను అలా వచ్చిందే. రెండోది, 3.5 నుంచి 2.5కు మార్చే చిన్న అడాప్టరు ఆన్‌లైన్‌లో తెప్పించుకుని, దాని వెనక పాత ఆక్స్ వైరు కోసి వాడుకోవడం.

పాత కీప్యాడ్ ఫోన్ల హ్యాండ్స్‌ఫ్రీ పిన్ను వాడొచ్చా అని కూడా అడుగుతుంటారు. పిన్ను మీద నల్ల గీతలు లెక్కపెట్టండి. రెండుంటే స్టీరియో, పనికొస్తుంది. మూడుంటే అది మైకు ఉన్న నాలుగు భాగాల పిన్ను, గ్రౌండు సరిగ్గా తగలదు, వద్దు. ఇంకో సంగతి, ఇయర్‌ఫోన్ వైర్ల లోపలి సన్నటి తీగలకు రంగు వార్నిష్ పూసి ఉంటుంది. దాన్ని తీయకుండా టంకం పెడితే అతుక్కున్నట్టే కనబడుతుంది, కరెంటు మాత్రం పోదు. కొన మీద టంకం బొట్టు వేసి వేడి ఐరన్ కాసేపు అక్కడే ఉంచితే వార్నిష్ కాలి తీగ మీద టంకం మెరుస్తుంది. ఆ తర్వాతే అతికించండి.

అతకడం

టిప్ నుంచి 330 ఓముల రెసిస్టర్ గుండా ఆర్డుయినో 2వ పిన్నుకు. రింగ్ నుంచి ఇంకో 330 గుండా 3వ పిన్నుకు. స్లీవ్ నేరుగా గ్రౌండుకు. 5 వోల్టుల పిన్ను దేనికీ తగిలించొద్దు, క్యాలిక్యులేటర్‌కు దాని బ్యాటరీలు దానికున్నాయి. 0, 1 పిన్నులు కంప్యూటర్‌తో మాట్లాడటానికి, 13వది బోర్డు మీది ఎల్‌ఈడీకి, వాటి జోలికి పోవద్దు. వైరు ఒక మీటరు లోపు ఉంచండి.

రెసిస్టర్లు ఎందుకంటే, ప్రోగ్రాములో ఎక్కడైనా పొరపాటుగా పిన్ను పైకి నెట్టిన సమయంలోనే క్యాలిక్యులేటర్ కిందికి లాగిందనుకోండి, రెసిస్టర్ లేకపోతే అది షార్ట్ సర్క్యూట్. 330 ఓములు ఉంటే 15 మిల్లీ ఆంపియర్ల దగ్గర ఆగిపోతుంది. చాలా బొమ్మల్లో ఈ రెసిస్టర్లు ఉండవు. రూపాయి వస్తువు, నేనైతే పెట్టకుండా ఇవ్వను.

ఈఎస్‌పీ32 లాంటి 3.3 వోల్టుల బోర్డులు నేరుగా తగిలించొద్దు. లైను మీద 5 వోల్టులు నిలబడి ఉంటాయి, ఆ పిన్నులు దాన్ని తట్టుకునేలా చేసినవి కావు. అదే వాడాలంటే మధ్యలో బీఎస్‌ఎస్138 మాస్‌ఫెట్లు ఉన్న లెవెల్ షిఫ్టర్ (వోల్టేజి స్థాయి మార్చే చిన్న బోర్డు) పెట్టుకోండి. అది రెండు వైపులా పనిచేస్తుంది, ఇలా కిందికి లాగి వదిలే లైన్లకు సరిగ్గా సరిపోతుంది.

ప్రోగ్రాము

సొంతంగా రాయనక్కర్లేదు. ఆర్డుయినోతో టీఐ లింక్ మాట్లాడించే ఆర్టికల్ అనే లైబ్రరీ ఉచితంగా దొరుకుతుంది. అందులోని పిన్ను నంబర్లు, మీరు అతికినవి ఒకటే అయ్యేలా చూసుకోండి. సొంతంగా రాస్తామంటే కూడా పెద్దదేం కాదు. కంప్యూటర్ నుంచి బైటు వస్తే పై వరసలో క్యాలిక్యులేటర్‌కు పంపాలి. క్యాలిక్యులేటర్ ఏదైనా లైను కిందికి లాగితే ఎనిమిది బిట్లు చదివి ఆ బైటు కంప్యూటర్‌కు ఇవ్వాలి. వచ్చిన బైటుకు అర్థం ఏమిటో బోర్డుకు తెలియాల్సిన పని లేదు.

రాసేవాళ్లు పట్టుకోవాల్సిన విషయాలు మూడు. లైనును వదలడం అంటే పిన్నును ఇన్‌పుట్ పుల్అప్‌లో పెట్టడం. కిందికి లాగడం అంటే ముందు లో చేసి ఔట్‌పుట్‌గా మార్చడం. హై ఔట్‌పుట్ అనేది మీ ప్రోగ్రాములో ఎక్కడా ఉండకూడదు. ఇక ఎదురుచూసే ప్రతిచోటా ఒకటి రెండు సెకన్ల గడువు పెట్టి, అది దాటితే రెండు లైన్లనూ వదిలేయాలి. లేకపోతే మధ్యలో వైరు ఊడినప్పుడు బోర్డు అక్కడే బిగుసుకుపోతుంది.

కంప్యూటర్ వైపు సీరియల్ వేగం 9600, 8 బిట్లు, పారిటీ లేదు, 1 స్టాప్ బిట్టు. ఈ లెక్క ఎక్కడిదంటే టీఐ వాళ్లే ఒకప్పుడు అమ్మిన గ్రే గ్రాఫ్ లింక్ అనే సీరియల్ కేబుల్‌ది. అందులోనూ చిన్న చిప్పు ఇదే పని చేసేది. కాబట్టి టైఎల్‌పీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కేబుల్ రకం గ్రే లింక్ అని, మీ బోర్డు వచ్చిన పోర్టు నంబరును ఎంచుకుంటే, అది మీ నానోను పాత టీఐ కేబుల్ అనుకుని మాట్లాడుతుంది. వేగం సెకనుకు 960 బైట్లకు మించదు. మీ న్యూటన్ రాఫ్సన్, రుంగే కుట్టా ప్రోగ్రాములు ఒక్కోటి కొన్ని వందల బైట్లు ఉంటాయేమో, కన్నుమూసి తెరిచేలోపు పోతాయి.

ఇక్కడ ఒక చిక్కు. కంప్యూటర్ సీరియల్ పోర్టు తెరవగానే ఆర్డుయినో రీసెట్ అవుతుంది, తిరిగి లేచేలోపు మొదటి బైట్లు గాలికి పోతాయి. సాఫ్ట్‌వేర్ "క్యాలిక్యులేటర్ స్పందించడం లేదు" అంటుంది, మీరు వైరును అనుమానిస్తారు. ఆ 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఇందుకే. ప్రోగ్రాము బోర్డులోకి ఎక్కించిన తర్వాత ప్లస్ కాలు రీసెట్‌కు, మైనస్ కాలు గ్రౌండుకు పెట్టండి. మళ్లీ ప్రోగ్రాము మార్చాలంటే దాన్ని తీయాలి.

పరీక్షించే వరస

క్యాలిక్యులేటర్ తగిలించకముందు మీటరుతో మూడు లైన్ల కంటిన్యుటీ చూడండి, ఒకదానికొకటి షార్ట్ లేదని కూడా. తర్వాత క్యాలిక్యులేటర్ ఆన్ చేసి, మామూలు హోమ్ స్క్రీన్ మీద ఉంచి, పిన్ను గట్టిగా లోపలికి నొక్కండి. ఈ సాకెట్ కొంచెం మొండిది, సగంలో ఆగినా వెళ్లినట్టే అనిపిస్తుంది. అడాప్టరు ఒళ్లు లావుగా ఉంటే క్యాలిక్యులేటర్ అంచుకు తగిలి పూర్తిగా దిగదు, ప్లాస్టిక్‌ను కొంచెం చెక్కాలి. "కేబుల్ పనిచేయట్లేదు" అని నా దగ్గరికి వచ్చినవాటిలో చాలావరకు ఈ రోగమే.

హెక్స్ పంపగలిగే టెర్మినల్ ఉంటే 23, 68, 00, 00 అనే నాలుగు బైట్లు పంపండి. "సిద్ధమేనా" అని అడగడం అది. 73, 56తో మొదలయ్యే నాలుగు బైట్లు తిరిగి వస్తే కేబుల్ బతికినట్టే. టైఎల్‌పీతోనే చూస్తామంటే ముందు స్క్రీన్‌షాట్ తీయండి. స్క్రీన్ 96 చుక్కల వెడల్పు, 64 చుక్కల ఎత్తు, అంటే 768 బైట్లు. క్యాలిక్యులేటర్‌లో ఏదీ మారదు కాబట్టి పరీక్షకు ఇంతకన్నా క్షేమమైనది లేదు. అది సరిగ్గా వచ్చాక బ్యాకప్, ఆ తర్వాత మీ ప్రోగ్రాములు. పంపే డేటా ప్యాకెట్ చివర బైట్లన్నిటి కూడిక ఉంటుంది కాబట్టి మధ్యలో బిట్టు తప్పినా పట్టుబడుతుంది, ప్రోగ్రాము సగం చెడి గమ్మున లోపల కూర్చోదు.

ఆపరేటింగ్ సిస్టమ్‌ను మాత్రం ఈ కేబుల్‌తో మొదట్లోనే మార్చే ప్రయత్నం చేయకండి. కొన్నాళ్లు వాడి నమ్మకం కుదిరాక, నాలుగు ట్రిపుల్ ఏ సెల్లులూ కొత్తవి వేసి అప్పుడు చూసుకోండి. మీకు కావాల్సిన పనికి అసలు దాని అవసరమే లేదు.

మన దగ్గర ఇంకో తలనొప్పి ఉంది, అమెరికా వాళ్లు రాసినవాటిలో ఇది కనబడదు. మన ఇళ్లలో సగం సాకెట్లకు ఎర్తింగ్ ఉండదు, ఉన్నా మూడు పిన్నుల చార్జర్‌ను రెండు పిన్నుల అడాప్టర్‌లో గుచ్చి వాడతాం. అప్పుడు ల్యాప్‌టాప్ గ్రౌండు మీద లీకేజీ వోల్టేజి తేలుతూ ఉంటుంది. మెటల్ బాడీ మీద చెయ్యి పెడితే జివ్వుమంటుంది చూడండి, అదే. కరెంటు చాలా తక్కువ, కానీ పిన్ను గుచ్చేటప్పుడు గ్రౌండు కంటే ముందు టిప్ తగులుతుంది కాబట్టి ఆ జివ్వు మొత్తం సిగ్నల్ లైను మీద పడుతుంది. ఒక కేబుల్ అప్పుడప్పుడు పనిచేసి అప్పుడప్పుడు ఎర్రర్ ఇస్తోందని తెచ్చారు. చార్జర్ తీసేసి బ్యాటరీ మీద నడిపితే ఒక్క ఎర్రర్ కూడా రాలేదు. కాబట్టి టంకం పెట్టేటప్పుడు, పిన్ను గుచ్చేటప్పుడు, ఫైళ్లు పంపేటప్పుడు చార్జర్ తీసి పక్కన పెట్టండి. డెస్క్‌టాప్ అయితే ముందు ఎర్తింగ్ చూపించుకోండి.

ఇక స్నేహితుడి క్యాసియో. అదే 2.5 పిన్ను పడుతుంది, అందుకే అందరూ మోసపోతారు. ఎఫ్‌ఎక్స్-9860జీ రకం అయితే మినీ యూఎస్‌బీ ఉంటుంది, దాన్నే వాడమనండి. అంతకన్నా పాతది, సీఎఫ్‌ఎక్స్-9850 లాంటిదైతే దాని పద్ధతే వేరు. ఒక లైను పంపడానికి, ఒక లైను అందుకోవడానికి, మామూలు సీరియల్ లాగా బాడ్ రేటుతో నడుస్తుంది. టీఐ కోసం చేసిన మన కేబుల్ దానికి తగిలిస్తే కాలిపోయేదేమీ ఉండదు, మాట మాత్రం కలవదు. దానికి కావాల్సింది టీటీఎల్ లెవెల్ (12 వోల్టులు కాకుండా 5 లోపు వోల్టులతో నడిచే) యూఎస్‌బీ సీరియల్ బోర్డు. ఒకరి పంపే లైను రెండోవారి అందుకునే లైనుకు వెళ్లాలి. క్యాలిక్యులేటర్ ఆన్ చేసి, ఊరికే ఉన్నప్పుడు లైను మీద ఎన్ని వోల్టులు నిలుస్తున్నాయో ముందు మీటరుతో చూసి, బోర్డు మీది 3.3, 5 వోల్టుల జంపరును దానికి తగ్గట్టు పెట్టుకోమనండి. ఖచ్చితమైన మోడల్ నంబరు వెనక స్టిక్కర్ చూసి పెడితే దాని వరస విడిగా రాస్తాను.